ట్యాబ్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేలా తెలుగు రాయాలంటే: సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పద్ధతి

“ప్రయాణంలో ట్యాబ్ మీద రాసుకున్నది ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే అలాగే కనిపించాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?” అమలాపురం నుంచి అడుగుతారు, భీమవరం నుంచి అడుగుతారు, రాజమహేంద్రవరం నుంచీ అడుగుతారు. కథలు రాసేవారు, ఊరి చరిత్ర రాస్తున్న విశ్రాంత ఉపాధ్యాయులు, పద్యాలు కూర్చేవారు, అందరిదీ ఇదే ప్రశ్న. ఒక పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఒకరికి నప్పింది ఇంకొకరికి నప్పదు; పైగా ఇంగ్లీషులో చక్కగా నడిచేది తెలుగు దగ్గరికి వచ్చేసరికి తడబడవచ్చు. అందుకని పేర్లతో పాటు పరీక్షించే పద్ధతీ చెబుతాను. ఒక పూట కేటాయించండి చాలు.

కొలబద్ద ఇది. మీ పేరా ట్యాబ్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లి, అక్కడ రెండు మాటలు మారి, తిరిగి ట్యాబ్‌కు రావాలి. ఈ రాకపోకల్లో ఒక్క ఒత్తు కూడా పోకూడదు. నెట్ లేని పూట కూడా రాత ఆగకూడదు. ఈ రెండూ నెగ్గిన సాఫ్ట్‌వేర్ మీది. నెగ్గకపోతే ఎంత పేరున్నదైనా వదిలేయండి.

కావలసినవి

- మీరు రోజూ వాడే ట్యాబ్, రోజూ వాడే కంప్యూటర్. అరువు తెచ్చిన కొత్త యంత్రం మీద పరీక్షిస్తే ఫలితం మీకు పనికిరాదు.
- రెండింటిలోనూ తెరిచే ఒకే ఈమెయిల్ ఖాతా. సంకేతపదం కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.
- ఒక పెన్‌డ్రైవ్. దాన్ని ట్యాబ్‌కు తగిలించే ఓటీజీ తీగ ఉంటే ఇంకా మంచిది.
- కింద మూడో మెట్టులో ఇచ్చిన పరీక్ష పేరా.

1. ముందు మీ యంత్రాలు ఏవో చూసుకోండి

ట్యాబ్ ఆండ్రాయిడ్‌దా, ఐప్యాడా? కంప్యూటర్ విండోసా, మ్యాకా, లినక్సా? సగం పేర్లు ఇక్కడే జాబితాలోంచి తొలగిపోతాయి. నవలలు రాసేవారు మెచ్చుకునే స్క్రివెనర్ విండోస్, మ్యాక్, ఐప్యాడ్‌లలో ఉంది, ఆండ్రాయిడ్‌లో లేదు. యులిసెస్ ఆపిల్ యంత్రాలకే పరిమితం. ఆపిల్ వారి పేజెస్ ఐప్యాడ్‌లో, మ్యాక్‌లో హాయిగా నడుస్తుంది కానీ విండోస్ కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి వాడుకోవాల్సిందే. మన దగ్గర ఎక్కువమందికి ఉండేది ఆండ్రాయిడ్ ట్యాబ్, విండోస్ కంప్యూటర్ జోడీ. కాబట్టి ఇక్కడి నుంచి ఎక్కువగా ఆ జోడీ గురించే చెబుతాను.

2. కీబోర్డు కుదుర్చుకోండి

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. చాలామంది “ఈ యాప్‌లో తెలుగు సరిగ్గా రావడం లేదు” అంటారు. తీరా చూస్తే యాప్‌లో ఏ లోపమూ ఉండదు, చిక్కంతా కీబోర్డుదే.

ట్యాబ్‌లో గూగుల్ వారి కీబోర్డు యాప్ జీబోర్డు తీసుకుని తెలుగు చేర్చండి. తెలుగు అక్షరాల కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగుగా మారే పద్ధతి, వేలితో రాస్తే గుర్తించే పద్ధతి, మూడూ అందులో ఉన్నాయి. మైకు గుర్తు నొక్కి తెలుగులో చెబితే రాసిపెడుతుంది కూడా. కళ్లు సహకరించని పెద్దలకు ఇది గొప్ప వరం. చెప్పి రాయించినదాన్ని మాత్రం తప్పకుండా ఒకసారి చదివి దిద్దుకోవాలి. విరామచిహ్నాలు మీరే పెట్టుకోవాల్సి వస్తుంది. ఐప్యాడ్‌లోనైతే సెట్టింగ్స్‌లోనే తెలుగు కీబోర్డు చేర్చుకోవచ్చు.

విండోస్‌లో భాషల సెట్టింగ్స్‌కు వెళ్లి తెలుగు చేర్చండి. తెలుగు అక్షరాలనే నేరుగా మీటల మీద అమర్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది. 2019 మే నవీకరణ తర్వాతి విండోస్ 10లోనూ, విండోస్ 11లోనూ తెలుగు ఫొనెటిక్ కూడా ఉంది. అందులో ఇంగ్లీషు అక్షరాల ధ్వనిని బట్టి తెలుగు కొట్టవచ్చు. విండోస్ మీటతో స్పేస్ మీట కలిపి నొక్కితే ఇంగ్లీషు, తెలుగు మారుతుంటాయి. నా సలహా: ట్యాబ్‌లో ధ్వని పద్ధతి వాడితే కంప్యూటర్‌లోనూ అదే వాడండి, ఇన్‌స్క్రిప్ట్ అలవాటుంటే రెండుచోట్లా అదే ఉంచండి. ఒక్కోచోట ఒక్కో పద్ధతి పెట్టుకుంటే వేళ్లు తడబడి, ఆలోచన తెగిపోతుంది.

జాగ్రత్త: ట్యాబ్‌కు బ్లూటూత్ కీబోర్డు కొనాలనుకుంటే దుకాణంలోనే తగిలించి తెలుగు కొట్టి చూడండి. తెర మీది కీబోర్డులో పనిచేసే ధ్వని పద్ధతి, బయటి కీబోర్డు తగిలించగానే ఆగిపోవచ్చు.

3. పరీక్ష పేరా తయారు చేసుకోండి

మన గోదావరి డెల్టా ఊళ్ల పేర్లలోనే తెలుగు లిపికి ఉన్న కష్టమైన మలుపులన్నీ దాదాపు దొరుకుతాయి. ఈ పేరాను ట్యాబ్‌లో స్వయంగా కొట్టండి:

“ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆత్రేయపురం పూతరేకులు, ద్రాక్షారామం భీమేశ్వరుడు, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి, సఖినేటిపల్లి, ముమ్మిడివరం, రాజమహేంద్రవరం. స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, వైశాఖం, దుఃఖం, ఋషి. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్. ధర రూ. 250 – ‘తగ్గింపు లేదు’.”

దీనికి మీ రాతల్లో తరచుగా వచ్చే మాటలు చేర్చండి. పద్యాలు రాసేవారు అరసున్న, బండి ‘ఱ’ ఉన్న పదాలు తప్పకుండా కలపాలి.

చూడాల్సినవి ఇవి. ‘లక్ష్మీ’లో ‘మ’ ఒత్తు కిందే ఉందా, పక్కకు జారిందా? ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ విడిపోయాయా? ‘దుఃఖం’లో విసర్గ నిలిచిందా? ఎక్కడైనా చుక్కల సున్నా గుర్తు కనబడిందా? కనబడితే ఒత్తో గుణింతమో తన అక్షరాన్ని పోగొట్టుకుందన్నమాట. అన్నిటికన్నా ముఖ్యమైనది ‘సాఫ్ట్‌వేర్’. అందులో ‘ఫ్ట్’ పొల్లుతో ముగిసి, ‘వే’ విడిగా నిలబడాలి. ఆ రెంటి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. కొన్ని యాప్‌లు దాన్ని మింగేస్తాయి. అప్పుడు ‘వ’ వెళ్లి ముందున్న ‘ఫ్ట’కు ఒత్తుగా చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మీ కీబోర్డుతో ఆ గుర్తు రాకపోతే పై పేరాలోని మాటనే నకలు చేసి అతికించుకోండి.

4. మీ రాతకు తగిన దారి ఎంచుకోండి

గూగుల్ డాక్స్: ఎక్కువమందికి మొదట దీన్నే పరీక్షించమంటాను. ఆండ్రాయిడ్, ఐప్యాడ్, కంప్యూటర్ బ్రౌజర్, అన్నిచోట్లా ఉచితం. రాసినది ఎప్పటికప్పుడు భద్రమవుతుంది. నిన్నటి రూపం కావాలంటే పాత ప్రతుల చరిత్రలోంచి తెచ్చుకోవచ్చు. పొరపాటున ఒక అధ్యాయం చెరిపేసినా కంగారు పడనక్కరలేదు. మండలి, సురన్న, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు దాని జాబితాలోనే దొరుకుతాయి. దీని లోటు నెట్ మీద ఆధారపడటం. దానికి మందు ఆరో మెట్టులో చెబుతాను. ఇంకొకటి: ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటు మెయిల్‌కూ ఫొటోలకూ కలిపే. పెళ్లి వీడియోలతో అది నిండిపోతే కొత్త ఫైలు తెరుచుకోదు. రాతకు విడిగా ఒక ఖాతా తీసుకోవడం తెలివైన పని.

మైక్రోసాఫ్ట్ వర్డ్: పుస్తకం రాస్తూ, పాదసూచికలు, విషయసూచిక, బొమ్మలు పెట్టుకునేవారికి ఇది బలమైనది. కంప్యూటర్‌లో ఇప్పటికే ఉంటే ట్యాబ్‌లోనూ అదే వేసుకోండి. ఒక మెలిక ఉంది. 10.1 అంగుళాల వరకు తెర ఉన్న ట్యాబ్‌లలో ఉచిత ఖాతాతో దిద్దుకోవచ్చు. తెర అంతకన్నా పెద్దదైతే చందా అడుగుతుంది. ట్యాబ్ కొనే ముందే ఇది చూసుకోండి. ఫైలును వన్‌డ్రైవ్‌లో (నెట్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చే నిల్వ చోటు) పెడితేనే దానంతటది భద్రమయ్యే సౌకర్యం పనిచేస్తుంది.

లిబ్రెఆఫీస్: పూర్తిగా ఉచితం, నెట్ అక్కరలేదు, పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటికీ ఉంది. ట్యాబ్‌లో దీనికి జోడీగా కొల్లాబొరా ఆఫీస్ వేసుకోవాలి. భాష సెట్టింగ్స్‌లో సంక్లిష్ట లిపుల అమరికను తెరిచి తెలుగును ఎంచుకోండి. లేకపోతే ఫాంటు పరిమాణం మార్చినా తెలుగు అక్షరాలు కదలకపోవచ్చు, చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. ట్యాబ్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఫైలును మీరే మోయాలి, క్లౌడ్‌లోనైనా (అంటే నెట్‌లోని నిల్వ చోటు) పెన్‌డ్రైవ్‌లోనైనా.

సాదా పాఠం దారి: కథ, కవిత, వ్యాసం రాసేవారు అలంకారాలన్నీ తర్వాత చూసుకోవచ్చు. జోప్లిన్, ఆబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌లు రెండూ విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐప్యాడ్ అన్నిటిలో ఉన్నాయి. జోప్లిన్ డ్రాప్‌బాక్స్ ద్వారానో వన్‌డ్రైవ్ ద్వారానో యంత్రాల మధ్య సింక్ చేస్తుంది, అంటే ఒకచోట రాసింది రెండోచోటికి చేరుస్తుంది. ఆబ్సిడియన్ ప్రతి రాతనూ మీ యంత్రంలో మామూలు ఫైలుగా ఉంచుతుంది. దాని సొంత సింక్ కావాలంటే డబ్బు కట్టాలి. వీటిలో నాకు నచ్చే గుణం ఒకటే: రేపు ఆ యాప్ మూతపడినా మీ రాత వేరే దేనిలోనైనా తెరుచుకుంటుంది; జోప్లిన్‌లో రాసింది మాత్రం ముందుగానే ఫైళ్లుగా బయటికి తీసి ఉంచుకోవాలి. సంవత్సరాల తరబడి దినచర్య రాసేవారికి, ఊళ్లో పెద్దల మాటలు సేకరించేవారికి ఇదే మేలు.

రెండు దారులు నచ్చితే రెండూ పెట్టుకోవద్దు. సగం రాత అక్కడ, సగం ఇక్కడ మిగిలిపోతుంది.

5. రాకపోకల పరీక్ష

ట్యాబ్‌లో పరీక్ష పేరా కొట్టండి. కంప్యూటర్‌లో తెరవండి. అక్కడ ‘ముమ్మిడివరం’ తర్వాత ‘మురమళ్ల’ చేర్చండి, ఒక మాటను మందంగా చేయండి. మళ్లీ ట్యాబ్‌లో తెరిచి చూడండి. మార్పులు వచ్చాయా? పేరా మొత్తం మూడో మెట్టులో చెప్పినట్టే ఉందా?

తర్వాత వెతుకులాట పరీక్ష చేయండి. రెండుచోట్లా ‘లక్ష్మీ’ అని, ‘సాఫ్ట్‌వేర్’ అని వెతకండి. కళ్లకు ఒకేలా కనిపించే మాట వెతికితే దొరకడం లేదంటే లోపల అక్షరాలు తేడాగా ఉన్నాయని అర్థం. నవలలో ఒక పాత్ర పేరు మార్చాల్సి వచ్చినప్పుడు ఈ లోపం ప్రాణం తీస్తుంది, కాబట్టి ఇప్పుడే పట్టుకోండి.

ఫాంటు మారినట్టు కనిపిస్తే భయపడకండి. విండోస్‌లో ఉండే నిర్మలా ట్యాబ్‌లో ఉండదు, ట్యాబ్ తన దగ్గరున్న నోటో తెలుగుతో చూపిస్తుంది. అక్షరాలు భద్రం, రూపు మాత్రమే మారుతుంది. దాంతో పేజీల సంఖ్య కూడా మారవచ్చు. పేజీ విరుపులు, వరుసల అమరిక చివర్లో కంప్యూటర్‌లోనే చూసుకోండి.

6. నెట్ ఆపేసి పరీక్షించండి

డెల్టాలో ఉన్నవారు దాటవేయకూడని మెట్టు ఇది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను పట్టిందంటే కరెంటు ఎప్పుడు వస్తుందో, సిగ్నల్ ఎప్పుడు నిలుస్తుందో చెప్పలేం. జులై, ఆగస్టుల్లో వరద వస్తే లంక గ్రామాలవారి సంగతి చెప్పనే అక్కరలేదు. నర్సాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి చేరేలోగా రెండు పేరాలు రాసుకుందామనుకునేవారికీ నడి వశిష్ఠ గోదావరిలో సిగ్నల్ ఉంటుందన్న హామీ లేదు.

గూగుల్ డాక్స్ వాడితే నెట్ ఉన్నప్పుడే ఏర్పాటు చేయాలి. కంప్యూటర్‌లో క్రోమ్ లేదా ఎడ్జ్ బ్రౌజర్‌లో డాక్స్ సెట్టింగ్స్ తెరిచి ఆఫ్‌లైన్ ఎంచుకోండి. ట్యాబ్‌లో కావలసిన ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచమని చెప్పండి. తర్వాత రెండు యంత్రాల్లోనూ నెట్ ఆపండి. ట్యాబ్‌లో ఫైలు తెరుచుకుందా? పది వాక్యాలు రాసి మూసేయండి. మళ్లీ తెరిస్తే ఉన్నాయా? నెట్ ఇచ్చాక కంప్యూటర్‌లోకి వచ్చాయా?

ఇప్పుడు కావాలనే తగవు పెట్టండి. నెట్ లేకుండా ట్యాబ్‌లో ఒక వాక్యాన్ని ఒకలా, కంప్యూటర్‌లో అదే వాక్యాన్ని ఇంకోలా మార్చి, తర్వాత రెండింటికీ నెట్ ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూడండి. జోప్లిన్ అయితే రెండో రూపాన్ని పారేయకుండా తగవుల కోసం విడిగా ఒక నోట్‌బుక్ తెరిచి అందులో పెడుతుంది. రెండూ దాచి మీకు చూపించేది నమ్మదగినది. మీకు చెప్పకుండా ఒకదాన్ని చెరిపేసేదాన్ని మాత్రం ఆ క్షణమే వదిలేయండి.

7. బయటికి తీయగలరో లేదో చూడండి

ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా రాత లోపలికి వెళ్లడం సులువు. తిరిగి బయటికి వస్తుందా అన్నది ముఖ్యం. మీ పరీక్ష ఫైలును వర్డ్ రూపంలోనూ (.docx అనే పొడిగింపుతో), సాదా పాఠంగానూ దించుకుని, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. సాదా పాఠం దాచేటప్పుడు యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలను నిలిపే సంకేత పద్ధతి) ఎంచుకోండి. పాత కంప్యూటర్ల నోట్‌ప్యాడ్‌లో అది ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాల వరుసగా మారుతుంది, అలా మారింది వెనక్కి రాదు.

పీడీఎఫ్‌ను మాత్రమే దాచుకోవడం ప్రమాదం. చూడటానికి, అచ్చుకు బాగుంటుంది. దానిలోంచి తెలుగును నకలు చేసి తీయబోతే ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురై వస్తాయి. పీడీఎఫ్ పక్కన అసలు ఫైలు ఎప్పుడూ ఉండాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

వాట్సాప్‌లో తనకు తాను పంపుకోవడం. ఇది సింక్ అనుకుంటారు. వారం తిరిగేసరికి ఒకే కథకు నాలుగు రూపాలు తయారై, ఏది తాజాదో తెలియదు. అచ్చుకు పంపడానికి ఫైలుగా వాట్సాప్ చేయండి, తప్పులేదు. రాసుకోవడానికి ఆ దారి వద్దు.

‘చివరిది’, ‘చివరిది కొత్తది’, ‘అసలు చివరిది’ అని ఫైళ్లకు పేర్లు పెట్టడం. దీనికి బదులు పేరు చివర తేదీ పెట్టండి, సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. అప్పుడు ఫైళ్లు వాటంతట అవే వరుసలో నిలబడతాయి. పాత యంత్రాల్లోకి వెళ్లే ఫైలుకు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే చిక్కు తక్కువ.

సింక్ అయిందని నమ్మి బ్యాకప్ మానేయడం. ఈ రెండూ ఒకటి కావు. ఒకచోట చెరిపేస్తే సింక్ రెండోచోట కూడా చెరిపేస్తుంది. నెలకొకసారి మొత్తం రాతను పెన్‌డ్రైవ్‌లోకి దించండి. ఏటిగట్టు లోపల, లంకల్లో ఉండేవారు ఇంకొక పెన్‌డ్రైవ్‌ను రాజమహేంద్రవరంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచాలని నా గట్టి మనవి. పెన్‌డ్రైవ్‌లో దించగానే అక్కడి నుంచే ఒక ఫైలు తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించకండి.

అచ్చువారిని అడగకుండా రాత ముగించడం. కొన్ని డీటీపీ కేంద్రాల్లో ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని జరుగుతుంది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ (మీ ట్యాబ్, కంప్యూటర్ రెండూ తెలుగుకు వాడే ఉమ్మడి అక్షర సంకేత పద్ధతి) తెలియదు, మీ ఫైలును వారు కన్వర్టర్‌తో మార్చుకుంటారు. ఆ మార్పిడిలో అరుదైన ఒత్తులు, అరసున్నలు, పొల్లు తర్వాతి కనిపించని గుర్తులు దెబ్బతింటాయి. ఇన్‌డిజైన్‌లో చేసేవారైతే యూనికోడ్ నేరుగా తీసుకోవచ్చు, కానీ పేరాల అమరికలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే ఒత్తులు విడిపోతాయి. పుస్తకం మొత్తం ఇవ్వడానికి ముందు పరీక్ష పేరాను వారికిచ్చి ఒక పేజీ అచ్చు తీయించండి. ఆ ఒక్క పేజీ చూస్తే ప్రూఫులో ఏ అక్షరాల మీద కన్నేసి ఉంచాలో తెలిసిపోతుంది.

పాత అను ఫైళ్ల సంగతి

ఎన్నో ఏళ్ల క్రితం డీటీపీ చేయించిన కథలు, శతకాలు, స్థలపురాణాలు మన ఇళ్లలో పాత సీడీల్లో, పాత హార్డ్‌డిస్కుల్లో పడి ఉన్నాయి. అవి ట్యాబ్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తుల కుప్పలా కనిపిస్తాయి. పాడయ్యాయనుకుని పారేయకండి, దయచేసి. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన ఫాంట్లు అవి. ఆ ఫాంటు లేని యంత్రానికి కింద ఉన్న గుర్తులే కనిపిస్తాయి.

ముందు ఆ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా పెన్‌డ్రైవ్‌లోకి తీసి, వాటిని ముట్టుకోకుండా ఉంచండి. నకలు మీదే పని చేయండి. ఏ ఫాంటుతో చేశారో అప్పటి డీటీపీవారికి గుర్తుంటే అడిగి రాసుకోండి. ఒకే సంస్థ ఫాంట్లలో కూడా పాత వరసకూ కొత్త వరసకూ తేడా ఉంటుంది, కన్వర్టర్‌లో తప్పుది ఎంచుకుంటే తప్పులే వస్తాయి. మొత్తం పుస్తకం ఒకేసారి మార్చకుండా ముందు ఒక పేజీ మార్చండి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని మాట మాటకూ సరిచూడండి. ఆ పేజీలో ఏ ఒత్తు తప్పుగా వచ్చిందో అదే ఒత్తు పుస్తకమంతా అలాగే తప్పుగా వస్తుంది కనుక, వెతికి మార్చే సౌకర్యంతో ఒక్కసారే దిద్దుకోవచ్చు. ఫైలు దొరకక పుస్తకం మాత్రమే మిగిలి ఉంటే పేజీల ఫొటోలు తీసి గూగుల్ డ్రైవ్‌లో వేసి, డాక్స్‌తో తెరవండి. అచ్చు స్పష్టంగా ఉంటే బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. వాటినీ పుస్తకంతో సరిచూసుకునే భద్రం చేయండి.